అంటించిన కవరు

స్టేషన్ ఘన్‌పూర్

సౌభాగ్యవతి సారక్కకు దీవెనలు. ఇక్కడ నేనూ, బర్రే, దూడా క్షేమం. భూపాలపల్లిలో నువ్వూ, మన బిడ్డ లత, పసిపాప, సమ్మెలో ఉన్న అల్లుడు కూడా క్షేమమని తలుస్తాను. బస్సులు బందు కనుక ఈ ఉత్తరం లారీ యాదగిరి చేతికిస్తున్నాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. బర్రె పూటకు రెండు లీటర్లు ఇస్తోంది. పచ్చడి జాడీకి వాసెన గట్టిగానే కట్టాను. మూడోది, "ఎమ్మెల్యే రాజీనామా నీ కండ్లతోని చదివినవా?" అన్నది. ముందు జరిగింది విను.

తెలంగాణ కోసం రాజీనామా చేశానని ఎమ్మెల్యే ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. ఒక్కరూ నమ్మలేదు. ఇదివరకు రెండుసార్లు ఇలాగే చెప్పి, జలగలా పదవికి అతుక్కునే ఉన్నాడాయె. అప్పుడు ఆయన మనిషి దయాకర్ మన ఇంటికొచ్చాడు.

"మొగిలన్నా, సార్ మాట జనం నమ్ముతలేరు. పురాణం చెప్పే నీ మాటైతే నమ్ముతరు. దీక్షా శిబిరంల జర ఒక్క మాట చెప్పరాదే" అన్నాడు.

అబద్ధాలకోరుల మీద ఇరవై ఏళ్లు నిప్పులు కురిపించిన నోరు నాది. అయినా ఎమ్మెల్యే అంతటివాడు శిబిరంలో వంగి నా కాళ్లు మొక్కేసరికి కరిగిపోయాను. పురాణ గ్రంథం మీద ఒక చెయ్యి పెట్టి, ఆయనిచ్చిన కవరు ఇంకో చేత్తో ఎత్తి చూపి, "రాజీనామా చూసిన, నిజం" అని మైకులో గర్జించాను. జనం జై తెలంగాణ అన్నారు. మూడో రోజు, ఆయన ఎవరికీ ఏ రాజీనామా ఇవ్వలేదని పేపర్లో పడింది.

శనివారం గుడి అరుగు మీద, నేల తాకకుండా నడిచే రాజు రథం ఒక్క అబద్ధానికి కిందికి దిగిన ఘట్టం చెబుతున్నాను. తండా నుంచి వచ్చే భోజ్యా లేచాడు.

"అన్నా, గా రథం నువ్వు చూసినవా, గిది గూడ కవర్లనే ఉన్నదా?"

అరుగంతా నవ్వు. హారతి పళ్లెం పట్టుకున్న అతని భార్య మోతీ కూడా నవ్వింది. స్వర్గం సంగతి ఎత్తితే, "గది గూడ రాజీనామ లెక్క స్పీకర్ అడిగిన ఫార్మాట్ల ఉన్నదా?" అన్నారు.

ఇక దాచలేను సారక్కా. నేను చూసింది అంటించిన కవరు మాత్రమే. విప్పమని అడగలేదు. అడిగితే కాళ్లు మొక్కినవాణ్ణి అవమానించినట్టవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, ఇంకోసారి మొక్కుతాడేమోనని ఆశ.

నిన్న అందరి ముందూ ఇదంతా ఒప్పుకుని, ఇక పురాణం చెప్పనన్నాను. భోజ్యా ఊరుకున్నాడా?

"నోటిమాట చెల్లదన్నా. కాయితం మీద రాయి. వదినె చదివి ఏం చెప్తె గది నమ్ముతం. నీ మాట మీద మల్ల పోతమా?"

అందుకే నా రాజీనామా దీంతో పెట్టాను. ఆమోదించినా, తిప్పి పంపినా నీ ఇష్టం. శనివారంలోగా కబురు పెట్టు. అరుగు మీద నా చాప ఇంకా ఎత్తలేదు.

కవరు మాత్రం అంటించలేదు. దారిలో యాదగిరి చదువుతాడు. చదవనీ.

ఇట్లు,
లత బాపు,
మొగిలి