నోట రాని పేరు

దేశనూరు

మామకు సౌభాగ్య దండం పెట్టి రాసేది.

ఈడ అందరం బాగుండాము. ఎనుము ఈనింది, పెయ్యదూడ. ఫోను చేయకుండా పెండ్లాము జాబెందుకు రాస్తాందని అనుకోవద్దు. ఫోను అత్త కాడ ఉండాది. నువ్వు చేస్తే స్పీకరు పెట్టి అరుగు మీదోళ్ళందరికీ వినిపిస్తాది. అందుకే తోరణగల్లు పోయే మీ కంపెనీ బస్సు డ్రైవరు రామాంజినేయులన్న చేతికి ఇస్తాండా.

సంగతేమంటే, నేను పంచాయతీ మెంబరు అయినా. మన వీధి సీటు ఈసారి ఆడోళ్ళకు వచ్చింది కదా. మన వీధి పెద్ద మారెప్ప పెండ్లాము నిలబడితే, ఆంధ్రా నుంచి వచ్చిన రైతుల కాంపులో పెద్ద చెన్నకేశవరావు ఒప్పుకోడు. కాంపులో సుందరమ్మ నిలబడితే మారెప్ప ఒప్పుకోడు. ఆఖరికి "హనుమక్క కోడలుంది కదా, ఆ పిల్ల నోరే తెరవదు" అంటే ఇద్దరికీ నచ్చింది. పోటీ లేకనే గెలిచినా. పక్క వీధి దాకా వచ్చి నిలిచిపోయిన కొళాయి మన వీధికి తెప్పించొచ్చని నాకూ ఆశ పుట్టింది.

అయితే సోమవారం అందరి ముందర మైకులో పేరు చెప్పల్లంట. చెప్పకుంటే సీటు పోతాదంట. ఆ పేరు నా నోట రాదు మామా. ఏం చేసేది?

నీ సౌభాగ్య

తా.క.: దూడకు ఇంకా పేరు పెట్టలేదు. అదొక్కటే ఇప్పుడు నిమ్మళంగా ఉండాది.

తోరణగల్లు

సౌభాగ్యకు,

మెంబరయినందుకు సంతోషం. నా రూములో అందరికీ మైసూరుపాకు పెట్టినా. పేరు చెప్పనీకి ఏం సిగ్గు? గోడ ముందర నిలబడి "సౌభాగ్య, సౌభాగ్య" అని రోజూ అను. అదే వస్తాది.

ఇట్లు, హనుమంత

తా.క.: గోడ ముందర అనేటప్పుడు అమ్మ చూడకుండా చూసుకో. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిస్తాది.

దేశనూరు

మామకు,

తాయెత్తు కట్టించింది.

పేరు నాది కాదు మామా, ఆయనది. నీకు తెలీనోడు కాదు. ఊర్లో పెద్దోడు, పెండ్లి చేసుకోలేదు. శనివారం వస్తే తలకు పోసుకొని తమలపాకులు తీసుకొని పోయి చూసొస్తా. అత్తే తోడు వస్తాది. ఆయన ముందర నిలబడితే నా భయమంతా పోతాది. పేరు మాత్రం పలకను, రాయను గూడా. ఎందుకో నీకు తెలుసు.

నీ సౌభాగ్య

తా.క.: నువ్వు గూడా చిన్నప్పుడు ఆయన కాళ్ళ కాడనే ఆడుకున్నావంట, అత్త చెప్పింది.

తోరణగల్లు

సౌభాగ్యకు,

నేనీడ ఉక్కు కంపెనీ కొలిమి కాడ వేగుతాంటే నువ్వాడ ఎవనికో ఆకులు తీస్కపోతాండావా? మా అమ్మ తోడు వస్తాదా? వాడెవడో పేరు రాయి. రాసినాక నేను లీవు పెడతా.

ఇట్లు, హనుమంత

తా.క.: వాడు నాకన్నా బలంగా ఉంటాడా? వచ్చే ముందర తెలుసుకుందామని.

దేశనూరు

మామకు,

నీ జాబు చూసి నవ్వల్నో ఏడవల్నో తెలీలేదు. నేను రాసింది గుడిలో సామి గురించి. మీ అమ్మ నీకు పెట్టింది ఆయన పేరే కదా.

ప్రమాణంలో "దేవర హెసరినల్లి" అనల్లని పంచాయతీ ఆఫీసరు పీడీఓ సారు చెప్పినాడు. నేను ఆలూరు దిక్కు తెలుగు బడిలో ఐదు చదివినదాన్ని. కన్నడ ఈ ఊరికి కోడలుగా వచ్చినాక చెవితో నేర్చుకున్నదే. అయినా హెసరంటే పేరని తెలుసు. దేవుని పేరు చెప్పల్ల. కాంపోళ్ళు వెంకన్న పేరు చెప్పమంటారు. ఊరి సామి పేరు చెప్పకుంటే గడప తొక్కొద్దని అత్త అంటాది. సామి పేరు చెప్తే నీ పేరు పలికినట్లే. మొగుని పేరు పలికితే మొగుని ఆయుస్సు తగ్గుతాదని పెండ్లినాడు చెప్పింది గూడా ఆ అత్తనే. పలక్కుంటే కొళాయి పోతాది, పలికితే నువ్వు పోతావు.

నీ సౌభాగ్య

తా.క.: అవును, నీకన్నా బలంగా ఉంటాడు. కొండ ఎత్తినాడు.

తోరణగల్లు

సౌభాగ్యకు,

నా పాత జాబు పొయ్యిలో వేయి. ఇది మాత్రం దాచి పెట్టు.

నా రూములో చిదానంద అని ఒకడు సర్కారీ పరీక్షలకు చదువుతాండాడు. వాన్ని అడిగినా. రాజ్యాంగం రాసేటప్పుడు ఢిల్లీలో పెద్దలకు గూడా ఇదే తంటా వచ్చిందంట. మొదట్లోనే "దేవుని పేరున" అని పెట్టల్ల అని ఒకాయన లేచినాడంట. అట్లయితే దేవి ఏం పాపం చేసింది అని ఇంకొకాయన లేచినాడంట. నమ్మేది నమ్మనిది ఎవరిష్టం వాళ్ళది అని ఇంకొకరు. ఆఖరికి ఓట్లు పెడితే దేవుడు ఓడినాడు. అందుకే అది "ప్రజలమైన మేము" అని మొదలైతాది.

ప్రమాణానికి మాత్రం రెండు దావలు పెట్టినారు. దేవుని పేరున అనొచ్చు, లేకుంటే "సత్యనిష్ఠెయింద", అంటే సత్యనిష్ఠతో అనొచ్చు. నువ్వు రెండోది అను. ఏ పేరూ ఉండదు. నేనూ బతుకుతా.

ఇట్లు, హనుమంత

తా.క.: ఢిల్లీలో దేవుడే ఓడిపోయినాడు, నువ్వు దేశనూర్లో పోటీ లేకుండా గెలిచినావు. ఈ మాట అమ్మకు చెప్పొద్దు.

దేశనూరు

మామకు,

ప్రమాణం అయిపోయింది. ఎట్లయిందో విను.

మొదట వేరే సీటులో గెలిచిన చెన్నకేశవరావు లేచి "దేవర హెసరినల్లి" అన్నాడు, కూచున్నాడు. వెంకన్న పేరు లేదు, ఎవరి పేరూ లేదు. ఆ మాట ఊరికే అట్లనే అంటారంట. ఇన్ని దినాలు నేను వట్టిగా భయపడినా.

అయినా నువ్వు చెప్పిందే అందామని లేచినా. పీడీఓ సారు మైకు నా దిక్కు తిప్పి, "మొదలు నిమ్మ హెసరు, యజమానర హెసరు హేళి" అన్నాడు. నా పేరు, నా మొగుని పేరు. ఆ సంగతి మీ చిదానంద చెప్పలేదు.

ముందు వరసలో అత్త. పక్కన మారెప్ప పెండ్లాము నవ్వుతాండాది. పక్క వీధి నుంచి మోసే నీళ్ళ బిందెలు గుర్తుకొచ్చినాయి. గట్టిగా అనేసినా మామా, నీ పేరు. ఊరంతా వినింది.

అత్త దిగ్గున లేచి రెండు చేతులెత్తి "సామీ" అని మొక్కింది. ఆమెను చూసి, నేను పలికింది సామి పేరనుకొని అందరూ లేచినారు. చెన్నకేశవరావు చెప్పులు గూడా విడిచినాడు. ఆ సందట్లో నేను చెప్పిన సత్యనిష్ఠ పీడీఓ సారుకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఢిల్లీలో ఓడిన దేవుడు నీ పేరు పట్టుకొని ఈడ గెలిచినాడు.

ఇంటికి వచ్చినాక అత్త చెవిలో అనింది: "సామి పేరు చెప్పేటోళ్ళకు చెవులు ఎర్రబడవమ్మీ. నువ్వు పలికింది నా కొడుకు పేరే. నేను లేవకుంటే ఊరు నిన్ను నవ్వి సంపేది. కొళాయి మాత్రం మనింటి ముందరే పడల్ల."

నీ సౌభాగ్య

తా.క.: ఒకసారి పలికినాక రాయనీకి భయమేంది అనిపించింది. హనుమంత మామా. రాసినా. ఇది చదివినాక నీ ఆయుస్సు ఎట్లుండాదో రామాంజినేయులన్నతో ఎమ్మటే చెప్పి పంపు.