సాస్‌లో మళ్లీ ఉప్పు వేయకండి

ఏవండీ, నేను బాచుపల్లి వెళ్తున్నాను. అమ్మాయి పాపకి టీకా వేయించాలట. సాయంత్రానికి వచ్చేస్తాను.

పొయ్యి మీద గిన్నెలో పండుమిరపకాయలు, వెల్లుల్లి, వెనిగర్ ఉడికించి ఉంచాను. చల్లారాక మిక్సీలో మెత్తగా తిప్పి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వేయాల్సిన చిటికెడు ఉప్పు నేనే వేశాను. చప్పగా అనిపిస్తే తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి.

పోయిన నెల డాక్టర్ మీ బీపీ నూట డెబ్బై అంటే, "ఇంట్లో అన్నీ చప్పగానే వండుతున్నానండీ, మీ మిషనే తప్పేమో చూడండి" అని ఆయనతో పోట్లాడాను. మీరు పక్కనే కూర్చుని బుద్ధిగా తలూపారు. ఆయన మాత్రల మోతాదు పెంచారు. తీరా నిన్న పనిమనిషి భాగ్యమ్మ చెప్పింది: "సారు సాసు సీసాల రెండు చెంచాల ఉప్పు ఏసిండమ్మా. లేకుంటే బూజు పడ్తదట. మీకు జెప్పొద్దన్నడు."

బూజు పట్టడానికి అదేమైనా ఏడాదంతా జాడీలో ఉండే పచ్చడా? పది రోజుల్లో మీరే ఖాళీ చేసే సాస్! వెనిగర్ పోసి ఫ్రిజ్‌లో పెట్టేది అందుకే కదా!

సోమవారం మళ్లీ చూపించుకోవాలి. ఈసారీ తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చమన్నారు. ఇక మీ తరఫున వాదించడం నా వల్ల కాదు.

నాగేశ్వరి

అన్నట్టు, ఆవకాయ కోసం అల్మరాలన్నీ వెతకకండి. పొద్దున్నే పక్క ఫ్లాట్ జ్యోత్స్నకి మొత్తం ఇచ్చేశాను. నాకు కూడా ఉంచుకోలేదు.