నడిచిన గన్‌బోటు

1864 ఏప్రిల్ 11. రెడ్ రివర్, లూసియానా

గన్‌బోటు పెటూనియా ఇసుక మేట ఎక్కి కూర్చుంది. ముక్కలైన దేశాన్ని అతికించడానికి బయల్దేరిన ఉత్తరాది యూనియన్ నౌకాదళం ప్రస్తుతానికి బురదకు అతుక్కుంది. మా కెప్టెన్ హోలిస్టర్ గారు సముద్రం మనిషి. నదిలో దారి చూపే పైలట్ బ్రూసార్డ్ ఈ నది మనిషే, మా దగ్గర కూలికి కుదిరాడు. కుడి పాయలో పోదామని అతను మొత్తుకుంటే ఈయన ఎడమకు తిప్పించారు. ఇప్పుడేమో, కావాలనే ఎక్కించావురా ద్రోహీ అంటూ అతనికే సంకెళ్లు వేయించారు.

ఏప్రిల్ 12

నీళ్లు తగ్గుతున్నాయి. ఆగమన్న కెప్టెన్ గారి ఆర్డర్ నదికి ఇంకా అందలేదు కాబోలు.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం

బ్రూసార్డ్‌కు ఉడికించిన బీన్స్ పట్టుకెళ్లాను. కాలేజీలో గ్రీకు చదివిన ఎన్‌సైన్‌ని, అంటే అందరికన్నా చిన్న ఆఫీసర్ని, వడ్డనకు ఇంకేం అర్హత కావాలి! నది మీ కెప్టెన్ తాత దగ్గర జీతగాడా బాబూ, ఆగమంటే ఆగడానికి, అన్నాడు. దక్షిణాది తిరుగుబాటు రౌతులు వస్తే మీకు జైలు, నేను ఇక్కడివాణ్ణై ఉండి మీకు పనిచేశాను కదా, నన్ను మొదటి చెట్టుకే వేలాడదీస్తారు, అన్నాడు.

ఉపాయమూ చెప్పాడు. బోటు ముక్కు దగ్గర రెండు దూలాలు ఇసుకలో పాతి తాళ్లతో లాగితే ముక్కు లేస్తుంది. అప్పుడు నీళ్లు తోసే చక్రం తిప్పితే బోటు మిడతలా ముందుకు గెంతుతుంది. ఈ నదుల్లో అందరూ చేసేదే.

కెప్టెన్ గారికి విన్నవించాను. యుద్ధనౌక ఊతకర్రలతో నడవదయ్యా, అన్నారు.

ఏప్రిల్ 14

రౌతులు వచ్చారు. మొదటి తూటా కెప్టెన్ గారి కాఫీ కప్పును పట్టుకుపోయింది. రెండోది రాకముందే ఊతకర్రల మీద ఆయన అభిప్రాయం మారింది.

సంకెళ్లు మాత్రం తీయనన్నారు, పారిపోతాడట! ఒకవైపు మొసళ్లు, ఒకవైపు ఉరితాడు. ఎటు పారిపోతాడు మహాప్రభో? బ్రూసార్డ్ గడ్డంతోనే చోటు చూపిస్తూ, అక్కడ కాదెహె, ఇక్కడ, లాగండి, అని అరిచాడు. పెటూనియా లేచింది, మూలిగింది, గెంతింది. నాలుగు గెంతులకు లోతు నీళ్లలో దబ్బున పడింది. కెప్టెన్ గారు అందరినీ అభినందించారు, ముఖ్యంగా తనను.

ఏప్రిల్ 15

దిగువన మా వాళ్ల ఇంకో గన్‌బోటు కలిసింది. సంకెళ్లు విప్పగానే బ్రూసార్డ్ అందులోకి మారిపోయాడు. కూలికొచ్చినవాణ్ణి, మానుకోవడం నా ఇష్టం, అన్నాడు. తప్పయిందని ఒక్క మాటంటే ఉంటాడు సార్, అని కెప్టెన్ గారి చెవిలో వేశాను. నౌకాదళం పైలట్లకు క్షమాపణ చెప్పదు, అన్నారు.

ఏప్రిల్ 16

మళ్లీ ఇసుక. దూలాలు మేమే పాతాం. బోటు ఎండ్రకాయలా పక్కకు నడిచింది.

మలుపు అవతలి నుంచి బ్రూసార్డ్ కబురు పంపాడు. మళ్లీ రావాలంటే తప్పయిందన్న నోటిమాట ఇప్పుడు చాలదట, రాసివ్వాలట.

కెప్టెన్ గారు మూడో చిత్తుప్రతి రాస్తున్నారు. నీళ్లు ఇంకో అంగుళం తగ్గాయి.