అడిగి తెచ్చుకున్న సెలవు

కువైట్ నుంచి,

నాయనకు నీ పెద్దకూతురు నాగరత్న దండాలు పెట్టి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, నా బిడ్డ భవాని, దొడ్లో గొర్రెలతో సహా అందరూ బాగుండాలని మొక్కుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చిలమత్తూరు వైపు వాన పడిందా? చెనక్కాయ విత్తారా, ఇంకా మబ్బు చూస్తూ కూర్చున్నారా?

ఫోన్లో చెప్పకుండా రాస్తున్నానని విసుక్కోకు. ఫోన్లో నేను ఈ సంగతి ఎత్తితే నువ్వు గొర్రెల సంగతికి పోతావు. ఇక్కడ పనిచేసే నల్లచెరువు ఆమె ఒకరు ఊరికి వస్తోంది, ఆమె చేత పంపుతున్నాను. భవానీ, తాతకు మెల్లగా చదివి వినిపించమ్మా. మధ్యలో లేచి వెళ్లబోతే తాత తువ్వాలు పట్టుకో.

ఇక్కడి ఎండ మన ఎండకు పెద్దన్న. పొద్దున్నే వాకిలి కాలుతుంది. ఇంట్లో మాత్రం ఏసీ. తిండికి లోటు లేదు. మేడమ్ చెడ్డది కాదు, చెయ్యెత్తలేదు, జీతం ఆపలేదు. రాగిపిండి దొరికినప్పుడు సంగటి చేసుకుంటాను. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుంటే, నా బిడ్డ ఏం తినిందో అని ముద్ద దిగదు.

రెండేళ్లు నిండినాక సెలవు అడిగితే మేడమ్ "పండగ కానీ" అంది. పండగయ్యాక "నా చెల్లెలి పెళ్లి కానీ" అంది. పాస్‌పోర్టు ఆమె బీరువాలో ఉంది. ఆమె లాక్కోలేదు నాయనా, వచ్చిన రోజే నేనే రెండు చేతులా ఇచ్చాను. మన ఊర్లో పొలం పట్టాలు పెద్దింటి ఇనప్పెట్టెలో దాచమని ఇస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. దాచమని ఇచ్చి మళ్లీ అడిగితే నమ్మకం లేదన్నట్టు అవుతుందని నోరు మెదపలేదు.

ఎక్కడైనా ఫిర్యాదు ఇద్దామా అని నీకు ఫోన్ చేస్తే ఏమన్నావు? "అన్నం పెట్టినోళ్ల మీద కేసు పెడతావా? జీతానికి కుదిరినాక ఉగాది దాకా ఓర్చుకోవల్లమ్మే" అన్నావు. మన ఊర్లో జీతగాళ్లకు ఉగాది నుంచి ఉగాదికే గడువు, నీకు తెలిసిన లెక్క అదే. ఆ మాటతో చాలా రోజులు సరిగా నిద్రపోలేదు.

పక్క భవనంలో పిల్లల్ని చూసుకునే మాలతక్కది మన హద్దుకు అవతల, కర్ణాటకలోని గౌరిబిదనూరు. మేం కన్నడంలో మాట్లాడుకుంటాం. ఇంటిపనివాళ్ల కోసమే ఇక్కడ ఒక ఆఫీసు ఉందని, పాస్‌పోర్టు నేనే ఇచ్చినా అడిగితే తిరిగి ఇవ్వాల్సిందేనని ఆమే చెప్పింది. పరాయి దేశంవాళ్లు మనకోసం చట్టం ఎందుకు రాస్తారక్కా అన్నాను. "రాసినారు. నువ్వు అడగకుంటే అది ఉన్నా లేనట్టే" అంది. అడగందే అమ్మయినా పెట్టదు కదా అనుకొని ఆమె వెంట పోయాను.

అక్కడి అధికారి కూడా ఆడమనిషే. నేను నిలబడి ఉంటే కుర్చీ చూపించింది. మేడమ్‌ను పిలిపించి నా పక్కనే కూర్చోబెట్టింది. ఇన్నాళ్లలో మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. "తనే ఇచ్చింది, జాగ్రత్తగా దాచాను" అంది మేడమ్. నిజమేనని నేనూ ఒప్పుకున్నాను. అధికారి గొంతు పెంచలేదు. "దాచారు, మంచిదే. ఇప్పుడు అడుగుతోంది, ఇచ్చేయండి. సెలవు ఆమె హక్కు, మీ దయ కాదు" అంది. తర్వాత నా వైపు తిరిగి "నీకేం కావాలి?" అని అడిగింది. మాలతక్క ఆ మాట నాకు కన్నడంలో చెప్పింది. నన్ను ఆ మాట ఇంతవరకూ ఎవరు అడిగారు? "నా బిడ్డను చూడల్ల. చూసి మళ్లా ఈ ఇంటికే వస్తా" అన్నాను.

పాస్‌పోర్టు చేతికొచ్చింది, టికెట్టూ వచ్చింది. మేడమ్ మాత్రం "నువ్వు పోతే వంటెవరు చేస్తారు?" అని దిగులు పడింది.

అందరికీ ఇట్లా జరగదులే. ఎన్నిసార్లు కబురంపినా యజమాని రాక, ఆ ఆఫీసు బల్ల మీదే ఎదురుచూస్తున్న ఆడవాళ్లనూ చూశాను. అయినా మన దేశం కాని దేశంలో మన తరఫున మాట్లాడే మనుషులు ఉన్నారని తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మాలతక్కకు ఉలవలంటే ప్రాణం, తిరిగొచ్చేటప్పుడు తేవాలి. కొన్ని తీసిపెట్టమని అమ్మతో చెప్పు. శ్రావణంలో బెంగళూరులో దిగుతాను. భవానిని హిందూపురం బస్టాండుకు పిలుచుకొని రా.

నాయనా, నీ మాట దాటానని కోపం పెట్టుకోకు. అవ్వ పోయినప్పుడు నువ్వు పెనుకొండ దగ్గర ఒక రైతు ఇంట్లో జీతానికి ఉన్నావట. ఉగాది ఇంకా రాలేదని వాళ్లు పంపలేదని, నువ్వు వచ్చేసరికి అన్నీ అయిపోయాయని అమ్మ చెప్పింది. నువ్వెన్నడూ చెప్పలేదు, వాళ్లది తప్పని కూడా అనలేదు. ఆ రోజు నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి "నీకేం కావల్లప్పా" అని అడిగేవాళ్లు ఉంటే, నువ్వు మీ అమ్మ దగ్గరికి పోయుండేవాడివి కదా? ఫిర్యాదు తీసుకునేటప్పుడు తండ్రి పేరు అడిగారు. నీ పేరు గట్టిగా చెప్పాను.

అమ్మకు, మేనత్తకు నా దండాలు. భవానికి ముద్దులు. నీ నోటితో ఒక్కసారి "మంచి పని చేసినావు" అంటే నాకు అదే దీవెన.

నీ బిడ్డ,
నాగరత్న