లోపలి నుంచి వచ్చిన వైరస్

బిలాస్‌పూర్,
14 సెప్టెంబర్ 2007.

ప్రియమైన హరిప్రియకు,

నేనిక్కడ క్షేమం. విజయనగరంలో నువ్వూ అత్తా కులాసాగా ఉన్నారని తలుస్తాను. బి.ఇడి. పరీక్షలు బాగా రాశావని తెలిసి సంతోషించాను. ఫోనులో ఎందుకలా అరిచావని అడిగావు. మళ్లీ అరుస్తానేమోననే ఇది రాస్తున్నాను.

ఫైర్‌వాల్ ఉండగా ఇంకోటి ఎందుకనీ అడిగావు. ఫైర్‌వాల్ మా ఆఫీసుకీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య ఉండి, వచ్చీపోయే సమాచారాన్ని తనిఖీ చేస్తుంది. ఎవరైనా లోపలికొచ్చి గోడ సాకెట్‌లో వైరు గుచ్చితే దానికి తెలియదు. అది చూసేది నెట్‌వర్క్ యాక్సెస్ కంట్రోల్. తగిలించిన ప్రతి కంప్యూటరూ ఎవరిదో, యాంటీవైరస్ సరిగ్గా ఉందో లేదో చూసి, లేకపోతే మిగతావాటితో కలవనివ్వదు. అలాగని అదొక్కటే చాలదు. బయటి దాడులను ఆపేది ఫైర్‌వాలే. రెండూ కావాలని మార్చిలోనే మా మేనేజర్ ప్రతాప్‌కు రాసిచ్చాను. "ఫైర్‌వాల్ హై నా! ఔర్ క్యా చాహియే?" అని, ఇంకేం కావాలన్నట్టు కాగితం పక్కన పడేశాడు.

ఆగస్టులో ఆయనే, ఇంట్లో పిల్లలు ఆటలాడే ల్యాప్‌టాప్ తెచ్చి ఆఫీసు వైరుకు తగిలించాడు. మధ్యాహ్నానికి సిర్గిట్టిలోని మా ఆఫీసులో నలభై కంప్యూటర్లూ మొరాయించాయి. వైరస్ మొదట ఎక్కడినుంచి పాకిందో, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ రికార్డులో స్పష్టంగా ఉంది. ఆయనకు చూపించాను. తలుపు మూసి, "అచ్చియమ్మ పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందని రాయి" అన్నాడు.

అచ్చియమ్మ నీకు తెలుసు. మన పెళ్లైన కొత్తలో వాళ్లాయన రైల్వే క్వార్టర్‌కు పిలిచి భోజనం పెట్టిన మా ఆఫీసు ఆపరేటర్. పన్నెండేళ్ల సర్వీసు ఆమెది. ఆ సాయంత్రమే తీసేశారు. గేటు దగ్గర నన్ను ఆపి, "ఏటి బంగార్రాజూ, నాకు పెన్‌డ్రైవే నేదని నీకు తెల్దా? ఆ రిపోర్టు ఎవులు రాసినారు?" అంది.

"తెలీదక్కా" అన్నాను.

రాసింది నేనే, హరీ. సంతకం నాదే. ఫోనులో నీ దగ్గర ప్రతాప్‌ను అన్ని తిట్లూ తిట్టి, ఈ ఒక్క మాట మింగేశాను. వాడు రాయమంటే నా చెయ్యి ఎందుకు కదలాలి? ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతే.

పదకొండు రోజులు పళ్లు నూరుతూ తిరిగాను. పన్నెండో రోజు స్విచ్ రికార్డు ప్రింటు తీసి, నా రిపోర్టు అబద్ధమని రాసి, రాయ్‌పూర్ హెడ్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. అచ్చియమ్మను తిరిగి తీసుకున్నారు. తప్పుడు రిపోర్టు ఇచ్చానని నన్ను తీసేశారు. ప్రతాప్ మాత్రం, 'కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ వాడు చెప్పింది నమ్మాను' అని అదే కుర్చీలో కూర్చున్నాడు. తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

నిన్న గోల్ బజార్‌లో అచ్చియమ్మ ఎదురైంది. దణ్ణం పెట్టాను.

"నిజం సెప్పడానికి పన్నెండు రోజులేటి బాబూ? అన్నాళ్లూ మా క్వార్టర్ల నైనంతా నన్ను దొంగని సూసినట్టు సూసినారు" అంది. తన దారిన వెళ్లిపోయింది.

నువ్వు నన్ను తిట్టు, పడతాను. మంచి పని చేశావని మాత్రం రాయకు.

ఇట్లు,
నీ బావ
బంగార్రాజు