వల చూసి అప్పిచ్చే నాన్నకు

నాన్నా,

ఎంత వడ్డీ ఇస్తానన్నా, నువ్వు ముందు గిలకలదిండి రేవుకి వెళ్లి అడిగినవాడి వల చూసేవాడివి. "చిరిగిన వల బాగుచేసుకోనోడు మన బాకీ ఏం తీరుస్తాడమ్మా!" అనేవాడివి.

ఇప్పుడు కంపెనీలకు అప్పిచ్చినట్టుండే బాండ్లు కొందామని ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను. రేటింగు, గడువు, వడ్డీ చెబితే అదే వడపోసి చూపిస్తుంది. నిన్న అన్నింటికంటే పైన బంటుమిల్లి రోడ్డులోని రొయ్యల మేత కంపెనీ వచ్చింది. కొనబోయి ఆగి, బండేసుకుని వెళ్లాను. గేటుకి తాళం. వాచ్‌మన్, "మిషన్లు ఆపేసి రెండు నెలలైందండీ" అన్నాడు.

మిగతావన్నీ ముంబై కంపెనీలు. వెళ్లి చూడలేను. డబ్బు బ్యాంకులోనే ఉంచేశాను.

నీ పడవ అమ్మిన డబ్బది. కొన్నాయన వల చూశాకే పడవ ఇచ్చాను నాన్నా. చిరిగిన చోటల్లా బాగుచేసుకున్నాడు.