మంచం మీద పడుకున్న మనిషి

నాన్నకి,

సరోజ దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ అందరూ బాగున్నారని రాశావు, సంతోషం. నీ మోకాలి నొప్పి తగ్గిందన్న మాట మాత్రం నమ్మలేదు. అనుమానప్పక్షి అంటావు, అను. అమ్మ పంపిన సున్నుండల డబ్బా సగమే వచ్చింది. జీపు డ్రైవరు మీద నాకు అనుమానం. ఈసారి డబ్బాకి గుడ్డ చుట్టి కుట్టి పంపమను. పొద్దున్న తొమ్మిదయినా మంచు విడవడం లేదు, నా స్వెట్టరు కూడా పంపండి.

ఈ కొండ ఆస్పత్రికి బదిలీ అయి మూడు నెలలైంది. చోడి అంబలి అలవాటైంది గానీ ఒంటరితనం అలవాటు కాలేదు.

పోయిన వారం స్వైన్ ఫ్లూ భయంతో మా ఆపరేషన్ల వార్డుని జ్వరం వాళ్ళకి ఇచ్చేశారు. మా రోగుల్ని మీటింగు హాల్లోకి మార్చే పని నాకు అప్పజెప్పారు. తారుమారు కాకూడదని ఎవర్నీ దిగనివ్వకుండా, కేసు షీట్లతో సహా మంచాలే మోయించాను. అందరి ముఖాలకీ మాస్కులు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మంచాలు మార్చిన ఆ మధ్యాహ్నమే సోమన్న అనే కుర్రాడికి అపెండిక్స్ ఆపరేషన్. ముందురోజు నా డ్యూటీ అయ్యాక చేరాడు, ముఖం తెలీదు. షీటులో వయసు ఇరవై రెండు. మాస్కు పైన చూస్తే కనుబొమ్మలు నెరిసి ఉన్నాయి. ఇక్కడ వయసులు అందాజుగా రాస్తారులెమ్మని డాక్టరుగారు కొట్టిపారేశారు. పేరడిగితే సోమన్నేనన్నాడు. ఏదో దాస్తున్నాడనిపించింది. నొప్పెక్కడ అంటే ఎడమ పక్క చూపించాడు. అపెండిక్స్ ఉండేది కుడి పక్క, నాన్నా.

మాస్కు తీయించాను. ఆయన సోమన్న తండ్రి.

పాత వార్డుకి పరిగెత్తాను. మంచం తీసేసిన చోటే, జ్వరం వాళ్ళ మధ్య, నేల మీద చాపలో ముడుచుకుని ఉన్నాడు కుర్రాడు. నొప్పికిచ్చిన ఇంజెక్షన్ మత్తులో మంచం కదిలిందే తెలీలేదు. తండ్రి కింద పడుకుంటే తను మంచం ఎక్కనని, ఆయన్నే పైన పడుకోబెట్టాడట. మంచం మీద ఉన్నవాడే రోగి అనుకున్నాను. అన్నిటినీ అనుమానించే నేను దాన్ని అనుమానించలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. జ్వరం కూడా అంటలేదు. అప్పుడు ఆ పెద్దాయన మీద కోపమాపుకోలేక, అబద్ధం ఎందుకు చెప్పావని నిలదీశాను.

"మా ఊల్లో జబ్బోడికి బదులు అమ్మోరికి కోడ్ని కోత్తారమ్మా. ఇక్కడ ఆడికి బదులు నన్ను కోత్తారనుకున్నాను. ఆడు బతికితే సాలని ఆడి పేరే సెప్పాను," అన్నాడు.

ఆయన్ని మోసగాడనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను నాన్నా. ఇప్పుడు ఏ మంచం కదిపినా ముందు కింద చూస్తున్నాను.

పిల్లల కోసం తండ్రులు ఎంత నిబ్బరంగా అబద్ధమాడతారో కళ్ళారా చూశాను. అందుకే చెబుతున్నాను. ఈ ఉత్తరం అందగానే తమ్ముణ్ణి తీసుకుని బొబ్బిలి వెళ్ళి మోకాలికి ఎక్స్‌రే తీయించుకో. నాకయ్యే ఖర్చు గురించి ఆలోచించకు. అమ్మకీ నాయనమ్మకీ నా దండాలు చెప్పు. నీ దీవెన నాకెప్పుడూ ఉంటుంది, దాని మీద మాత్రం అనుమానం లేదు.

తగ్గిందని మళ్ళీ రాయకు. ఎక్స్‌రే ఫిల్మే పంపు, నేను చూసుకుంటాను.

నీ కూతురు,
సరోజ